రెండు తెల్ల కార్లు

మే నెల నాలుగో తేదీ, ఆదివారం. ఆ రోజు ఏం తిన్నదీ శ్రీదుర్గకి ముద్ద ముద్దా గుర్తుంది. చల్లపల్లిలో పుట్టింటి వంటింట్లో అప్పుడే కలిపిన కొత్తావకాయ, పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, కాచిన నెయ్యి, ఆఖర్న రసం మామిడిపళ్ళు. ఆమె భర్త బాబీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మూడోసారి ఆవకాయ కలుపుకుని, "అత్తయ్య గారూ, ఇందులో వేసింది కారమా, నిప్పులా?" అని అందరినీ నవ్వించాడు.

మర్నాడు పొద్దున్నే పోలీసులు వచ్చి అతన్ని తీసుకుపోయారు.

"ఆయన కడుపునిండా తిన్నది అదే ఆఖరండీ," అంటూ శ్రీదుర్గ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

భవానీపురంలో, కృష్ణ కనబడే మేడమీద గది అది. కోటేశ్వరరావు కూజాలోంచి నీళ్ళు వంచి గ్లాసు ఆమె చేతికిచ్చాడు. ఆయన కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య రమాసుందరి పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమైపోతే, పై వాటాలో ఉండే ఛాయాదేవికి సాయంగా చేరాడు. ఛాయాదేవి చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల తరఫున దెబ్బతిన్న బళ్ళు పరీక్షించి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. మనుషులకంటే ముందు బండి నిజం చెబుతుందని ఆవిడ నమ్మకం. ఆవిడ మీద ఈయన నమ్మకం అంతకంటే గట్టిది.

"ఏడుపు తర్వాత ఏడవచ్చమ్మా. ముందు జరిగింది చెప్పు," అంది ఛాయాదేవి.

శ్రీదుర్గ చెప్పింది. అంతకు ముందు గురువారం, పొద్దుగూకే వేళ, కరకట్ట రోడ్డు మీద సైకిలెక్కి ఇంటికి వెళ్తున్న శౌరయ్యని ఏదో కారు గుద్ది వెళ్ళిపోయింది. శౌరయ్య కాలువ తూములు ఎత్తి దించే లస్కరు. ఇప్పటికీ ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. అతని సైకిలు బ్రేకు కొసకి పల్చటి, గాజులాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. కారు రంగు గీసుకుపోకుండా పైన అతికించే ఫిల్మ్ ముక్క. దానికి తెల్ల రంగు పిసరు కూడా అంటుకుంది. పోలీసులు ఆ ఫిల్మ్ వేయించిన తెల్ల కార్లన్నీ వెతుక్కుంటూ సోమవారం బాబీ ఇంటికి వచ్చారు. ఎడమవైపు ముందు చక్రం మీది రేకు సొట్టపోయి ఉంది. ఫిల్మ్ చిరిగిన చోట ఆ ముక్క పెడితే అతికినట్టు సరిపోయింది. పైగా పురుగుమందు కొట్టే పంపులు అమ్మే బాబీ, ఆ గురువారం సాయంత్రం అవనిగడ్డ నుంచి అదే రోడ్డు మీద ఒక్కడే వచ్చాడు.

"శౌరయ్య కన్ను తెరవకపోతే ఇంకా పెద్ద సెక్షన్ వేస్తామంటున్నారండీ. ఆయన గుద్దలేదండీ!"

"గుద్దలేదని నీకెలా తెలుసు?"

"పుట్టింటికి వెళ్తున్నామని ఆదివారం పొద్దున కారు నేనే కడిగాను. నాలుగు పక్కలా చేత్తో తుడిచాను. అప్పుడు ఆ సొట్ట లేదు. పోలీసులకి చెబితే, మొగుణ్ణి కాపాడుకోవడానికి పెళ్ళాం ఏదైనా చెబుతుందన్నారు."

ఛాయాదేవి కుర్చీలో ముందుకు వంగింది. "గురువారం తగిలిన దెబ్బ ఆదివారం పొద్దున లేదు. సోమవారం పొద్దున ఉంది. మధ్యలో కారు ఎక్కడికి వెళ్ళింది?"

"చల్లపల్లి వెళ్ళి వచ్చాం, అంతే. ఎండకి ఫిల్మ్ పాడవుతుందని నాన్న మా కారుని మిల్లు షెడ్డులో పెట్టించారు. సాయంత్రం చీకటి పడుతుంటే బయల్దేరాం."

"ఎడమవైపు నుంచి ఎక్కింది నువ్వే కదా? సొట్ట కనబడలేదా?"

"నేను ముందు కూర్చోలేదండీ. ఆవకాయ జాడీలు దొర్లిపోతాయి, వెనక పట్టుకు కూర్చో తల్లీ అని నాన్నే కుడివైపు తలుపు తీసి ఎక్కించారు."

ఛాయాదేవి కాసేపు నది వైపు చూసింది. "అమ్మాయ్, ఒక్క మాట. నేను నిజం వెనకాల పోతాను. అది ఎవరింటికి పోతే వాళ్ళింటికి వస్తాను. మధ్యలో ఆగమంటే ఆగను."

"మా ఆయన బయటికొస్తే చాలండీ."

"నేనడిగింది అది కాదు."

శ్రీదుర్గ గ్లాసులో నీళ్ళు మొత్తం తాగింది. "సరేనండీ," అంది.

* * *

ఎస్సై వినీల ఒకప్పుడు కోటేశ్వరరావు శిష్యురాలు. కుర్చీలోంచి లేచి "మాస్టారూ, మీరు కూర్చోండి" అందిగానీ, కేసు మాటెత్తగానే ముఖం మార్చింది.

"ముక్క అతికింది. మనిషి ఆ రోడ్డు మీదే ఉన్నాడు. ఇంకేం కావాలి మేడం?"

"కారు ఒకసారి చూడనిస్తే చాలు."

స్టేషను వెనక రేకుల పందిరి కింద కారు నిలబెట్టి ఉంది. పాలమీగడలా మెరిసే తెలుపు. ఎడమ చక్రం మీది రేకు అరచేతి మందాన లోపలికి పోయింది. దాని మీద ఫిల్మ్ నాలుకలా చీరుకుపోయి వేలాడుతోంది. ఛాయాదేవి ఆ సొట్ట వంక ఎక్కువసేపు చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ముందు బంపరు తడిమింది.

"దీని మీద గీత కూడా లేదే?"

"ఆ ఫిల్మ్ గొప్పతనమే అది," అంది వినీల. "ఎండ తగిలితే గీతలు వాటంతటవే పూడుకుపోతాయట."

"సన్న గీతలు పూడతాయి. సైకిలు పెడలు కోసుకుపోతే పూడదు." ఆవిడ బానెట్ ఎత్తించి, ఆ రేకుని బిగించిన బోల్టుల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి రాసింది. వేలి కొనకి తెల్ల రంగు పెచ్చు ఒకటి అంటుకుంది. దాన్ని కోటేశ్వరరావుకి చూపించి, జేబురుమాల్లో మడిచింది.

వెళ్ళబోతూ, "శౌరయ్యని ఎలా ఉండగా చూశారు?" అని అడిగింది.

"రోడ్డు పక్కన గడ్డిలో. తల కింద కండువా మడిచి పెట్టి ఉంది. దారిన పోయేవాళ్ళెవరో పెట్టి ఉంటారు. జరీ అంచు కండువా. ఆస్పత్రి నుంచి తెప్పించి దాచాం."

గడ్డిలో పడున్న మనిషి తల కింద ఎవరో మెత్తగా ఒక గుడ్డ పెట్టారన్న మాట కోటేశ్వరరావు మనసులో చాలాసేపు ఉండిపోయింది. ఆ చేయి ఎవరిదైనా, పూర్తిగా చెడ్డది కాదనుకున్నాడు. బయటికొచ్చాక ఆ మాటే అన్నాడు.

"అవును మాస్టారూ," అంది ఛాయాదేవి. "అదే నన్ను భయపెడుతోంది. చెడ్డవాణ్ణి పట్టుకోవడం తేలిక."

* * *

కార్లకి ఆ ఫిల్మ్ అతికించే జాన్‌బాబు షాపు ఆటోనగర్‌లో గాజు తలుపుల వెనక ఉంది. లోపల ఏసీ, తెల్లటి దీపాలు, దుమ్ము రేణువు లేదు. ఒక నల్ల కారు మీద సబ్బునీళ్ళు చల్లి, పారదర్శకంగా ఉన్న ఫిల్మ్‌ని పరిచి, రబ్బరు పలకతో నీళ్ళు బయటికి నెడుతున్నాడు. వచ్చిన పని చెప్పగానే పలక పక్కన పెట్టాడు.

"బాబీ గారి బండికీ, ఆయన బావమరిది జయకృష్ణ గారి బండికీ నేనే వేశానండీ. బాబీ గారి మామగారు వెంకటప్పయ్య గారు చల్లపల్లిలో రైసుమిల్లు ఆసామి. కొడుక్కీ అల్లుడికీ ఒకే రోజు ఒకే రకం తెల్ల కార్లు కొన్నారు. 'ఇద్దరికీ తేడా చూపిస్తే మా అమ్మాయి ఊరుకోదయ్యా' అని ఇక్కడే నిలబడి నవ్వారు."

"ఏ కారు ఏదో గుర్తుపట్టగలవా?"

"నంబరు చూడకపోతే నావల్ల కాదండీ. ఒక్క తేడా మటుకు ఉంది. బాబీ గారు ముందు దుర్గమ్మ కొండ కింద పూజ చేయించుకుని తీసుకొచ్చారు. ఆ పసుపు కుంకాలు కడిగేసి నేను ఫిల్మ్ వేశాను. జయకృష్ణ గారు కొత్త కారు నేరుగా నా దగ్గరికే తెచ్చారు. ఉగాదికి వాళ్ళమ్మ గారు ఇంటి దగ్గర పూజ చేస్తారని. పసుపు పెట్టొద్దు బాబూ, ఈ ఫిల్మ్ పసుపుని పీల్చుకుంటుంది అని లక్షసార్లు చెప్పాను. ఎవరు వింటారండీ? వారం తిరక్కుండా ఫోనులో నా మీద ఒంటికాలి మీద లేచాడు, తెల్ల కారు మీద పచ్చ మరకలు పడ్డాయని."

"పోయాయా?"

"నాలుగు రోజులు ఎండలో పెట్టండన్నాను. ఎండకి పసుపు వెలిసిపోతుంది. కంటికి కనబడనంత పోయిందని చెప్పాడు."

"పోలీసులకి ఈ రెండు కార్ల సంగతి నువ్వే చెప్పావా?"

జాన్‌బాబు తల గోక్కున్నాడు. "అడిగితే చెప్పక తప్పుతుందా అండీ? శనివారం వచ్చారు. పెద్దాయన తర్వాత మాటనకుండా, మీ ఇళ్ళకి పోలీసులు వస్తారండీ అని అప్పుడే ఆయనకి ఫోన్ చేసి చెప్పాను కూడా."

ఛాయాదేవి కింద పడున్న ఫిల్మ్ ముక్కల్లోంచి అరచేతంత ముక్క ఏరి, "ఇది నేను తీసుకోవచ్చా?" అంది.

* * *

చల్లపల్లిలో వెంకటప్పయ్య ఇల్లూ మిల్లూ ఒకే ఆవరణలో ఉన్నాయి. హాలు గోడల నిండా ఫొటోలు: సన్మానాలు, పెళ్ళిళ్ళు, ప్రారంభోత్సవాలు. అన్నిట్లోనూ వెంకటప్పయ్య పొట్టిగా, నిటారుగా, భుజాన జరీ కండువాతో ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న వెంకటప్పయ్య భుజం మాత్రం బోసిగా ఉంది. కళ్ళ కింద నల్లటి గుంటలు. భార్య పద్మావతమ్మ కాఫీ అందిస్తే, ఆయన చేయి గ్లాసుకి బెత్తెడు దూరంలో గాలిని పట్టుకుని, ఆ తర్వాత గ్లాసు దగ్గరికి వచ్చింది.

"మా అల్లుడికి మంచి వకీలుని పెట్టానండీ," అన్నాడాయన. "శౌరయ్య వైద్యం నేనే చూసుకుంటున్నా. వాళ్ళవాళ్ళతో రాజీ మాట్లాడతాను. మీకెందుకండీ శ్రమ?"

"మీ అమ్మాయి రమ్మంది," అంది ఛాయాదేవి. "మీ అబ్బాయి కారు చూడొచ్చా?"

కొడుకు జయకృష్ణ ఆరడుగుల మనిషి. బావని అరెస్టు చేశారని తెలిసి సోమవారం సాయంత్రం బెంగళూరు నుంచి విమానంలో వచ్చానన్నాడు. మాటలో చిరాకు దాచుకోలేదు.

"చూడండి, ముట్టుకోకండి. నా బండి మీద చెయ్యేస్తే నాకు నచ్చదు. పది రోజులు ఊళ్ళో లేకపోతే షెడ్డులో ఉన్నదాన్ని ఎవడో ఎక్కి కూర్చున్నాడు. సీటు ముందుకి లాగేసి ఉంది, నా మోకాళ్ళు డాష్‌బోర్డుకి కొట్టుకున్నాయి."

"నేనే రా, తుడిపించాను," అన్నాడు వెంకటప్పయ్య.

షెడ్డు తాళంచెవి ఆయన రొంటినే ఉంది. తాళం కప్ప మీద ఎడమచేతి వేలితో రంధ్రం తడిమి వెతుక్కుని, అప్పుడు చెవి దూర్చాడు. లోపల కారు తళతళలాడుతోంది. ఎక్కడా సొట్ట లేదు. పసుపు ఛాయ లేదు.

"బానెట్ ఒకసారి తెరుస్తారా?"

"తెరవను," అన్నాడు జయకృష్ణ. "మీకు వారంటు ఉందా?"

"జయా, పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది?" అని పద్మావతమ్మ కసిరింది. ఛాయాదేవి నవ్వేసి ఆవిడ వైపు తిరిగింది.

"ఉగాదికి పూజ మీరే చేశారటగా? పసుపు ఎక్కడెక్కడ పెట్టారమ్మా?"

"గడపకి రాసినట్టే రాశానండీ. బానెట్టు అంచు మీంచి చక్రం దాకా మూడు వేళ్ళతో ఒక్క లాగు లాగాను, రెండు పక్కలా. బొట్లు పెట్టాను. అదో పెద్ద నేరమైపోయింది నా కొడుక్కి!"

"మంచి పని చేశారు," అంది ఛాయాదేవి. ఆ మాటలో ఎగతాళి లేదని కోటేశ్వరరావుకి అనిపించింది.

తిరుగు ప్రయాణంలో ఆయన ఉండబట్టలేక, "జయకృష్ణేనా?" అన్నాడు. అదే సమయానికి వినీల ఫోన్ చేసింది. శౌరయ్య పరిస్థితిలో మార్పు లేదు. డాక్టర్లు ఏమీ చెప్పలేమంటున్నారు. జయకృష్ణ విమానం టికెట్టు మాత్రం నిజమే. గురువారం అతను బెంగళూరులోనే ఉన్నాడు.

మిగిలింది ఎవరో కోటేశ్వరరావుకి తోచకపోలేదు. తోచినందుకు బాధపడ్డాడు.

మర్నాడు పొద్దున మేడ మీద ఛాయాదేవి తెల్ల పింగాణీ పలక మీద ఆ ఫిల్మ్ ముక్క అతికించి, తడిపిన పసుపు మూడు వేళ్ళతో రాసి, కడిగి, రోజంతా ఎండలో ఉంచింది. సాయంత్రానికి పలక మళ్ళీ తెల్లగా మెరిసింది. దాన్ని చేతిలో తిప్పుతూ, "మాస్టారూ, హారతికి రమాసుందరి గారు ఎర్రనీళ్ళు ఎలా కలిపేవారు?" అని అడిగింది.

ఆ పేరు ఇంకొకరి నోట విని కోటేశ్వరరావుకి కొంతకాలమైంది. "ఏముందండీ, పళ్ళెంలో పసుపు, కాస్త తాంబూలం సున్నం. కలపగానే ఎర్రబడేవి. మా అబ్బాయి చిన్నప్పుడు అది మాయ అనుకునేవాడు."

ఛాయాదేవి పలకని గుండెకి ఆనించుకుంది. "రేపు అందరం చల్లపల్లి వెళ్దాం," అంది.

* * *

మిల్లు ఆవరణలో రెండు తెల్ల కార్లూ పక్కపక్కన నిలబడ్డాయి. స్టేషను నుంచి బాబీ కారుని వినీల తెప్పించింది. కోర్టు పోలీసు కస్టడీకి ఇచ్చిన బాబీ కానిస్టేబులు పక్కన గడ్డం మాసి నిలబడ్డాడు. వెంకటప్పయ్య, పద్మావతమ్మ, జయకృష్ణ అరుగు మీద ఉన్నారు. మిల్లు ఫిట్టరు గుమ్మం చాటున ఉన్నాడు. శ్రీదుర్గ మొగుడి దగ్గరికి పోబోయి, వినీల కళ్ళతో వద్దంటే ఆగిపోయింది.

"పద్మావతమ్మ గారూ, ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి సున్నం కలపండి," అంది ఛాయాదేవి.

"ఎర్రనీళ్ళా? పసుపు వేయొద్దా?"

"వద్దమ్మా. పసుపు మీరు ఉగాదినాడే వేశారు."

ఆవిడ ముందు బాబీ కారు దగ్గరికి వెళ్ళింది. గుడ్డ ముంచి బానెట్ తడిపింది. ఏమీ లేదు. కుడివైపు రేకు తడిపింది. ఏమీ లేదు. ఆ తర్వాత సొట్టపడిన ఎడమ రేకు మీద పైనుంచి కిందికి తడిగుడ్డ లాగింది.

ముందు గులాబీ రంగు నీడలా లేచింది. చూస్తుండగానే చిక్కబడింది. సరిగ్గా బానెట్ అతుకు దగ్గర మొదలై, చక్రం దాకా మూడు వేళ్ళ గీతలు ఎర్రగా పైకి తేలాయి. పద్మావతమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

"అది నా చెయ్యే!"

"మీ చెయ్యేనమ్మా. కానీ ఈ కారుకి మీరు పసుపు రాయలేదు. ఈ కారుకి పూజ జరిగింది ఫిల్మ్ వేయకముందు. ఆ పసుపు అప్పుడే కడుక్కుపోయింది." ఛాయాదేవి రెండో కారు దగ్గరికి నడిచింది. కుడివైపు తడిపితే, బానెట్ అంచు నుంచి చక్రం దాకా గీతలు తెగకుండా ఎర్రబడ్డాయి. ఎడమవైపు తడిపితే, బానెట్ మీద మూడు గీతలు అతుకు దాకా వచ్చి అక్కడ ఆగిపోయాయి. పక్కనున్న రేకు తెల్లగా, శుభ్రంగా ఉంది.

"ఒక్క లాగులో రాసిన పసుపు," అంది ఛాయాదేవి. "సగం ఈ కారు మీద, సగం ఆ కారు మీద. ఎండకి వెలిసిపోయిందనుకున్నారు. ఫిల్మ్ లోపల దాక్కుంది. శౌరయ్యని గుద్దింది జయకృష్ణ కారు. దెబ్బతిన్న రేకు విప్పి బాబీ కారుకి, బాబీ కారు రేకు దీనికి బిగించారు. బోల్టుల మీద రంగు లేచిపోయింది, అది స్టేషన్లోనే చూశాను. పెడలు కోసిన గీత మాత్రం ఈ కారు బంపరు అడుగునే ఉండిపోయింది."

"నేను ఊళ్ళోనే లేను!" అని జయకృష్ణ అరిచాడు. "టికెట్లు చూపించాను కదండీ!"

"నువ్వు లేవు బాబూ. నీ సీటు ముందుకి జరిపినవాళ్ళు ఉన్నారు. నీకంటే బాగా పొట్టివాళ్ళు." ఆవిడ గొంతు పెంచలేదు. "శనివారం జాన్‌బాబు ఫోన్ చేసింది నీకు కాదు. ఆదివారం బాబీ కారు షెడ్డులో పెట్టించి తాళం వేసింది నువ్వు కాదు. ఆడవాళ్ళు ఆవకాయ దగ్గర, అల్లుడు భోజనం చేసి నిద్రలో ఉండగా ఫిట్టరుని పిలిచింది నువ్వు కాదు. చీకటి పడ్డాక కూతురు ఎడమవైపు రాకుండా జాడీలు చేతికిచ్చి కుడివైపు ఎక్కించింది నువ్వు కాదు."

వినీల సంచిలోంచి మడత పెట్టిన కండువా తీసి అరుగు మీద పెట్టింది. జరీ అంచు మీద మట్టి ఎండిపోయి ఉంది. దాని మూల చిన్న పసుపు చుక్క. కొత్త బట్ట కట్టుకునేముందు మూలకి పసుపు పెట్టడం ఆ ఇంట్లో పద్మావతమ్మ పని. ఆవిడ దాన్ని చూసి, మొగుడి బోసి భుజం చూసి, ఆ పసుపు చుక్క మీద వేలు పెట్టింది.

గుమ్మం చాటున ఫిట్టరు, "అయ్య గారు చెయ్యమంటే చేశానండీ, ఎందుకో నాకు తెలీదు," అని గొణిగాడు.

వెంకటప్పయ్య కండువా చేతిలోకి తీసుకున్నాడు.

"కళ్ళకి శుక్లాలు వచ్చాయి. స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరన్నాడు. ఇంట్లో చెప్పలేదు. కొత్త బండి కొనిచ్చాను గానీ ఒక్కసారీ నడపలేదు కదా అనిపించింది. కట్ట మీద ఎవరూ ఉండరనుకున్నా. బూడిదరంగుగా ఏదో కదిలింది, అంతే. దిగి చూస్తే శౌరయ్య. నా పొలానికి నీళ్ళు వదిలిన మనిషి. తల కింద ఇది పెట్టాను. ఊపిరి ఉంది. అంతలో దూరంగా ఆటో లైట్లు కనబడ్డాయి. వాళ్ళు చూసుకుంటారులే అని..." ఆయన మాట అక్కడే ఆగిపోయింది.

"మరి మా ఆయన?" శ్రీదుర్గ అడిగింది.

"కారు జయకృష్ణ పేరు మీద ఉంది. వాడు ఊళ్ళో లేడు. అడగ్గానే నేనే తేల్తాను. అల్లుడైతే, బెయిలు తెస్తాను, శౌరయ్య వాళ్ళతో రాజీ చేస్తాను, నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేస్తాడు అనుకున్నా తల్లీ. అందరి తగాదాలూ నేనే తీర్చాను కదా, ఇదీ తీర్చేద్దామనుకున్నాను."

శ్రీదుర్గ ఏడవలేదు. రెండు కార్ల మధ్య నిలబడి, అటొకసారి, ఇటొకసారి చూసింది.

"ఇద్దరికీ ఒకటే కారు కొన్నావు నాన్నా. తేడా చూపించనన్నావు. ఆదివారం నా మొగుడికి కొసరి కొసరి ఆవకాయ వడ్డించావు. అప్పటికి ఫిట్టరు లోపల ఉన్నాడా?"

వెంకటప్పయ్య తల దించుకున్నాడు. బాబీ ఏదో అనబోయి, మామగారి చేతుల్లో నలుగుతున్న కండువా చూసి మానేశాడు. కానిస్టేబులు కుర్చీ ఒకటి తెచ్చి పెద్దాయన వెనక వేశాడు. ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసిన ఆ మనిషిని కోటేశ్వరరావు ఎన్నాళ్ళకీ మరిచిపోలేదు.

* * *

మర్నాడు కోర్టు బాబీని వదిలింది. వెంకటప్పయ్య తనే నడిచి జీపెక్కాడనీ, ఏ వకీలూ వద్దన్నాడనీ వినీల చెప్పింది. ఆ మధ్యాహ్నమే శౌరయ్య కళ్ళు తెరిచి, ముందు సైకిలేమైందని అడిగాడట.

కోటేశ్వరరావు బాబీనీ శ్రీదుర్గనీ ఆటోలో ఇంటికి తీసుకొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. బాబీ గుమ్మం ఎక్కబోతుంటే, "ఆగండి" అని శ్రీదుర్గ లోపలికి వెళ్ళింది. పళ్ళెంలో నీళ్ళు, పసుపు తెచ్చింది. సున్నం కాస్త గోటితో తీసి కలిపింది. నీళ్ళు ఎర్రబడుతుంటే ఆమె చేయి ఆగిపోయింది. పళ్ళెం అంచు మీదికి నీళ్ళు తొణికాయి.

"దుర్గా, వద్దులే," అన్నాడు బాబీ మెల్లగా. "దిష్టి లేదు, ఏం లేదు."

"ఉండండి." ఆమె కళ్ళు తుడుచుకుని, మూడుసార్లు తిప్పి, నీళ్ళు వీధిలో పారబోసింది. "అమ్మ ఫోన్ చేసింది. ఒక్కత్తే ఉందట. అన్నం తినలేదట."

"రేపు పొద్దున్నే వెళ్దాం. మీ నాన్న కూడా ఏం తిన్నారో."

శ్రీదుర్గ అతని ముఖంలోకి చూసింది. సరేనన్నట్టు తల ఊపింది. కోటేశ్వరరావుకి నమస్కారం పెట్టి, "ఛాయాదేవి గారితో చెప్పండి, మధ్యలో ఆగమనలేదని," అంది.

ఆయన మెట్లు దిగి గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి చూశాడు. లోపల వంటింటి గట్టు మీద ఆవకాయ జాడీ, దాని మూతికి కట్టిన తెల్లగుడ్డ కనబడ్డాయి. బాబీ కుర్చీలో కూర్చుని అప్పుడే కళ్ళు మూసుకున్నాడు. శ్రీదుర్గ అతన్ని లేపకుండా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టింది.